ఒప్పుకోని చౌడమ్మ

"చౌడమ్మను చూసి నేర్చుకో" అన్నాడు మా ఆయన, మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండానే. నేను రాట్నం ముందు కూర్చుని ఆయన నేతకు పట్టుపోగును కండెలకు చుడుతున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ చుడుతున్నాను. చీరకు షావుకారు ఇచ్చే కూలి ఆయనది. కండెలు చుట్టడం ఇంటిపని, కసువు ఊడ్చినట్టు. "నేసేది మావాడు. నువ్వు చేసేదేముండాది, కూచోని తిప్పేదే గదా" అనేది మా అత్త కదిరమ్మ. ఆ మాట నిజమేనని చాలా ఏండ్లు నమ్మాను. అరచేతికి కాయ కాసినట్టు మనసుకూ కాస్తుంది. తర్వాత నొప్పి తెలియదు.

వానల్లేక శనగచేలు ఎండిపోయి, ధర్మవరంలో మగ్గాలే అందరికీ తిండి పెడుతున్న ఏడు అది. మా వీధి ఆడవాళ్ళం పెట్టుకున్న సంఘంలో బాలవాడి టీచరు రామక్క ఒక మాట చెప్పింది: కండెలకు వేరే కూలి ఇచ్చేదాకా, వచ్చే సోమవారం నుంచి రాట్నాలు ఆపుదామని. అందరం సరేనన్నాం. పక్కింటి చౌడమ్మ ఒక్కతే వద్దంది. ఇక వీధిలో ప్రతి మొగుడికీ ఆమే ఆదర్శం. మొగుడి మీద రావలసిన కోపం పక్కింటి ఆడదాని మీదికి ఎంత సులభంగా మళ్ళుతుందో నాలోనే చూసి కొంచెం భయపడ్డాను.

ఆమెను సంఘంలోంచి తీసెయ్యాలని ఆదివారం కూర్చున్నాం.

"నీకేం రోగమే, ఊరికే చాకిరీ చేసేకి?" అంది మారెక్క.

"చేతిలో పట్టుపోగుంటే మా అత్త నన్ను పిలవదక్కా" అంది చౌడమ్మ. "గబుక్కున లేస్తే పోగు తెగుతాదని ఆయమ్మకు భయం. దినమంతా నన్ను ఎవురూ పిలవనిది ఆ కొంచెంసేపే. దాన్నీ ఆపమంటారా?"

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా నడుమును విరిచే ఆ రాట్నమే ఆమెకు తలుపు వేసుకున్న గది. నా నొప్పి అబద్ధం కాదు. ఆమె గదీ అబద్ధం కాదు.

"ఒప్పుకోనోళ్ళను పెట్టుకుంటే సంఘం ఎట్ల నిలబడుతాది? మొగోళ్ళు నవ్వుతాండారు మనల్ని చూసి." రామక్క గొంతులో నిజమైన బాధే ఉంది. "తీసెయ్యాలనేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. నాది ఒళ్ళోనే ఉండిపోయింది.

"ఏమే ఆంజినమ్మా, రేపు నువ్వూ చుడతావా?" అంది రామక్క.

"చుట్టను. కూలి ఇచ్చేదాకా చుట్టను. ఇంటికి పోతానే మా ఆయనకు చెప్తా. ఈమె మాట నేను ఒప్పుకోను. అయినా ఈమెను ఉండనీండి."

"అదేం న్యాయమే?"

"ఒప్పుకున్నోళ్ళు మాత్రమే ఉండాల్సిన తావు నాకు ఒకటి ఉండనే ఉండాది గదక్కా" అన్నాను. "మా ఇల్లు."