బావగారి డైవింగ్ సూటు

హనీమూన్‌కి నలుగురం వెళ్లాం. నేను, మా ఆయన, మా ఆయన అన్నగారైన బావగారు, ఆయన భార్య. ఆవిణ్ణి నేను అక్కా అంటాను. "ఇద్దరూ చిన్నపిల్లలు, దారి తప్పిపోతారు" అని బావగారే దయతలచి వెంటబడ్డారు.

తప్పిపోవడానికి ఆ దీవిలో ఉన్నదే ఒక్క రోడ్డు. మధ్యలో సగం నిద్రలో ఉన్న అగ్నిపర్వతం, చుట్టూ నల్ల ఇసుక. పడవ వచ్చి వెళ్లిపోతే ఇక చప్పుడే ఉండదు. బాత్రూంలో కుళాయి తిప్పితే నేల వేడికి కాగిన నీళ్లు అగ్గిపుల్ల వాసనతో వచ్చేవి. నాకు ఆ వాసన కూడా ముద్దొచ్చింది. కొత్త పెళ్లికూతురిని కదా, ఏదైనా ముద్దొస్తుంది. బావగారు తప్ప.

"కొండ అన్నారు, పొగేదీ?" అని దిగీదిగగానే మొహం చిట్లించారు, ఆ పొగకి కూడా తనే టిక్కెట్టు కొన్నట్టు.

నాకు కొండా కావాలి, సముద్రమూ కావాలి. కాలేజీ రోజుల్లోనే డైవింగ్ నేర్చుకున్నాను. నిశ్చితార్థం అయ్యాక మా ఆయన నాకోసం స్విమ్మింగ్ పూల్లో సగం నీళ్లు తాగి మరీ నేర్చుకున్నాడు. రేపు సాయంత్రం మా తిరుగు పడవ. కాబట్టి ఇవాళ కొండ, రేపు సముద్రం. తిరగేస్తే కుదరదు. ట్యాంకు కట్టుకుని లోతుకు దిగినవాళ్లు ఒక రోజు గడిచేదాకా ఎత్తు ఎక్కకూడదు. ఒంట్లో మిగిలిన గాలి బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

టిఫిన్ బల్ల దగ్గరికి వచ్చేసరికి బావగారు మెడనుంచి మడమదాకా నల్ల రబ్బరులో కూర్చుని ఉన్నారు. ఊళ్లోనే కొన్న డైవింగ్ సూటు, గదిలోనే తొడుక్కొచ్చేశారు. కూర్చున్నారనడం కూడా మర్యాదకే. మోకాళ్లు వంగక కుర్చీకి ఆనించినట్టున్నారు.

"ఇవాళ సముద్రం. రేపు తెల్లారగానే కొండ. ఫిక్స్" అన్నారు.

ఒంట్లో గాలి సంగతి చెప్పాను.

"ఏంటమ్మాయీ, ఆ కాలేజీలో నేర్చుకున్న డైవింగ్ చదువంతా నామీద ప్రయోగిస్తావా? గాలిదేముంది, నాలుగు త్రేన్పులు వస్తే పోతుంది."

"అది కడుపులో గాలి కాదు బావగారూ."

"పోనీ, ఇవాళే కొండెక్కుదాం. రేపు వేసుకోండి ఆ సూటు" అంది అక్క.

"మళ్లీ విప్పి, మళ్లీ తొడుక్కోవాలా? ఇందాక ఎంతసేపు పట్టిందో నీకు తెలీదూ?"

తెలియకేం? వీపు వెనక జిప్పు లాగింది ఆవిడే. గోడకి కాలు తన్నిపెట్టి లాగిందట. అంటే ఒక రబ్బరు చొక్కా విప్పే ఓపిక లేక, నా కొండని నీళ్లలో కలిపేస్తున్నారన్నమాట.

మా ఆయన వైపు చూశాను. ఎండకి కమిలి చెవులు ఎర్రగా, ఎంత బావున్నాడో! కానీ అన్నయ్య మాటకి ఎదురు చెప్పడం అతని ఒంట్లో లేదు. కాలేజీ, ఉద్యోగం, చివరికి పెళ్లికి వేసుకున్న చెప్పులు కూడా అన్నయ్య సెలక్షనే. ఇప్పుడూ నోరు మెదపకపోతే ఇక మా కాపురానికి కూడా బావగారే జిప్పు లాగుతారు.

"ఏరా చిన్నా, లే, పోదాం" అన్నారు బావగారు.

మా ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. మళ్లీ తీశాడు. మళ్లీ పెట్టాడు.

"నువ్వు దిగు అన్నయ్యా. మేం కొండెక్కుతాం."

"ఏంటీ?"

"మేం కొండెక్కుతాం." ఈసారి గొంతు కొంచెం పగిలింది కానీ మాట పగల్లేదు.

"పెళ్లయి పట్టుమని నెల కాలేదు, అప్పుడే నోరొచ్చిందే!"

"ఇన్నాళ్లూ ఉన్నదే అన్నయ్యా. వాడలేదంతే."

అక్కడే అందరిముందూ మా ఆయన్ని ముద్దుపెట్టుకునేదాన్ని. ఈలోపు అక్క లేచింది. "ఉండండి, నేనూ వస్తున్నా. బూట్లు వేసుకొస్తా."

"నువ్వెక్కడికే?" అన్నారు బావగారు. తల తిప్పబోతే రబ్బరు ఒప్పుకోలేదు.

కొండ పైన గాలి, కాళ్లకింద బెండులా తేలికైన నల్లరాళ్లు, రాతి చీలికలో వెచ్చటి ఆవిరి. మా ఆయన అందులో చేతులు కాచుకుని నా బుగ్గలకి పెట్టాడు. అక్క మాత్రం ఒకటే నవ్వు. ఎందుకో చెప్పలేదు.

సాయంత్రం వసతికి చేరేసరికి బావగారు వరండాలో అదే సూటులో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. డైవింగ్ నేర్చుకోనివాళ్లని లోతుకు పంపేది లేదన్నారట అక్కడివాళ్లు, నడుంలోతు నీళ్లలో నిలబెట్టారట. అలిగి వెనక్కొచ్చేశారు.

"మరి విప్పేయలేకపోయారా? అక్కడివాళ్లనెవర్నైనా అడిగితే..." అన్నాను.

"పరాయివాళ్ల చేత విప్పించుకోమంటావా?"

ఆయనకి చెయ్యి అందదు. జిప్పు వీపు వెనకుందని పొద్దుటినుంచీ అక్కకి ఒక్కదానికే గుర్తుంది. కొండమీద ఆ నవ్వు అందుకే.

"కొండ ఎలా ఉందేంటి?" అన్నారు పళ్లు బిగించి.

"పొగ వస్తోంది అన్నయ్యా" అన్నాడు మా ఆయన.