డ్యూటీ రోజు మాత్ర

పాఠం మధ్యలో హెడ్మిస్ట్రెస్ గారు తలుపు దగ్గరికి వచ్చి నన్ను బయటికి పిలిచారు. మా ఆయన బస్సు నడుపుతూ పడిపోయారని, ఆసుపత్రిలో చేర్చారని చెప్పారు. నేను తలూపి, పిల్లలకు తర్వాతి పేజీ చదువుకోమని చెప్పి వచ్చాను.

ఆసుపత్రి వరండాలో ఆయన బస్సు కండక్టరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. టికెట్ల సంచీ భుజాన అలాగే ఉంది. ఆయన్ని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలుస్తాడు.

"తల పగిలిపోతోందిరా అన్నాడు వదినా. బస్సు పక్కకి తీసి బ్రేకు వేశాడు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అంతే, స్టీరింగ్ మీద వాలిపోయాడు."

డాక్టరమ్మ వచ్చింది. "బీపీ బాగా పెరిగి మెదడులో నరం చిట్లిందండీ. లోపల రక్తం చాలా పోయింది. ప్రయత్నిస్తున్నాం, కానీ ఆశ పెట్టలేను. బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?"

"రోజూ నా చేత్తోనే ఇస్తాను. నా ఎదురుగానే వేసుకుంటారు," అన్నాను. అంతకంటే బాగా తెలిసిన జవాబు నా దగ్గర లేదు.

కండక్టరు కళ్లు దించుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లాక మెల్లగా అన్నాడు.

"డ్యూటీ ఉన్న రోజు మింగడు వదినా. అది వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి వెళ్లాలి. నిండు బస్సు ఎక్కడ ఆపుతాడు? మాత్ర నోట్లోనే ఉంచుకుని నా బైకెక్కి, మీ వీధి మలుపు తిరగ్గానే ఉమ్మేసేవాడు. 'మా టీచరమ్మకి తెలిస్తే బెంచీ ఎక్కిస్తుందిరా' అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం."

కూర్చోవాలనిపించింది. కుర్చీ పక్కనే ఉన్నా కనిపించలేదు.

"సెలవు రోజు మాత్రం వేసుకుంటాడు వదినా," అన్నాడు, ఆయన తరఫున వాదిస్తున్నట్టు.

ఎండ వాలకముందే డాక్టరమ్మ మళ్లీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆయన పోయారని చెప్పింది. స్పష్టంగానే వినిపించింది. అయినా మళ్లీ చెప్పమన్నాను. ఓపికగా మళ్లీ చెప్పింది.

కండక్టరు గోడవైపు తిరిగి ఏడ్చాడు. తర్వాత తల రెండు చేతులతో పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. మొహం కందిపోయి ఉంది.

"నీకూ బీపీ ఉందా?" అని అడిగాను.

తలూపాడు.

"ఇవాళ మాత్ర వేసుకున్నావా?"

"డ్యూటీ కదా వదినా."

ఆయన్ని చూడ్డానికి లోపలికి రమ్మని పిలుస్తున్నారు. నేను ముందు ఇతన్ని రెక్క పట్టుకుని లేపి, నర్సు ముందు కూర్చోబెట్టాను. ఆమె అతని చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె ఎంతో మాకు చెప్పకుండానే డాక్టరమ్మ కోసం లోపలికి పరుగెత్తింది.