ఉమ్ జాసిమ్ తాంబాళం

స్వర్ణకు అబద్ధాలు సరిగ్గా రావు. శుక్రవారం భోజనాల దగ్గర ఉమ్ జాసిమ్ "కులీ, కులీ", తిను తిను అని పిలిచినప్పుడల్లా ఒకటే అబద్ధం, ఆకలి లేదని.

అరబ్బు దేశంలో, అబూ హమూర్‌లోని ఆ ఇంట్లో స్వర్ణ పని రెండేళ్ళ నూరాను చూసుకోవడం. స్నానం, తిండి, నిద్ర అన్నీ. ఉమ్ జాసిమ్ ఆ పిల్ల నాయనమ్మ, ఇంటికి పెద్ద. శుక్రవారం నమాజు అయ్యాక మగవాళ్ళకు బయటి గదిలో, ఆడవాళ్ళకూ పిల్లలకూ లోపలి గదిలో నేల మీద ప్లాస్టిక్ గుడ్డ పరుస్తారు. మధ్యలో ఒకే పెద్ద తాంబాళం. దాని నిండా మసాలా అన్నం, పైన మాంసం. చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే చేత్తో తింటారు. వంట చేసే జహనారా కూడా వాళ్ళతోనే కూర్చుంటుంది. స్వర్ణ మాత్రం పిల్లకు ముద్దలు పెట్టి, తన స్టీలు పళ్ళెంలో ఇంత వేసుకుని, వంటింటి వెనక మెట్టు మీద తినేది.

ఆ పళ్ళెం సంగతి చెప్పాలి. స్వర్ణ మొదట వచ్చింది అదే నగరంలో అల్ సద్‌లో సీతాలక్ష్మి ఇంటికి. కోస్తా వాళ్ళు, భర్త ఇంజనీరు. సీతాలక్ష్మి తిట్టేది కాదు, జ్వరమొస్తే మాత్రలిచ్చేది. పళ్ళెమూ గ్లాసూ మాత్రం వేరు. వాటి చోటు సింకు కింద, ఫినాయిల్ సీసా పక్కన. ఎందుకని స్వర్ణ అడగలేదు. జగిత్యాల దగ్గర ఊళ్ళో, మాదిగ ఇంట్లో పుట్టిన పిల్లకు అది అడగాల్సిన సంగతిగా తోచదు. సముద్రం దాటే విమానంలో ఆ అలవాటుకూ ఒక సీటు దొరికింది, అంతే. కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్ళిపోతూ ఇంజనీరు ఆమెను తన ఆఫీసు పెద్దాయన, అంటే ఉమ్ జాసిమ్ కొడుకు ఇంట్లో పెట్టించాడు. "నీ పళ్ళెం నువ్వే తీసుకెళ్ళమ్మా, మాకెందుకు" అంది సీతాలక్ష్మి. ప్రేమగానే అంది.

ఆ శుక్రవారం ఉమ్ జాసిమ్ భోజనం మధ్యలో మంచినీళ్ళకు లేచి వంటింట్లోకి వచ్చింది. మెట్టు మీద స్వర్ణ, ఒళ్ళో పళ్ళెం. ముసలామె గట్టిగా అరిచింది. స్వర్ణకు అరబ్బీ ఇంకా అంత రాదు. పాతబస్తీ మనిషి జహనారా పరుగెత్తుకొచ్చింది.

"ఏమంటున్నది అక్కా?" అంది స్వర్ణ.

"ఏమంటది! మా తాంబాళంల చెయ్యి పెట్టనీకి దీనికి రోతనా అంటున్నది. మేం ముసల్మానులమని గలీజు అనుకుంటున్నదా అంటున్నది. మా తిండి రోతైతే మా పిల్లనెట్ల ఎత్తుకుంటది, రేపే టికెట్ తియ్యమని కొడుక్కు చెప్తదంట."

స్వర్ణ పళ్ళెం పక్కన పెట్టి లేచింది. టికెట్ అంటే ఊరికి. భర్త రాజనర్సు రాస్ లఫాన్ సైటులో ఇనుప చువ్వలు కడుతున్నాడు. ఈ దేశంలో ఉంటేనే నెలకోసారైనా ఆ మొహం కనబడేది.

"అయ్యో, నాకు రోతెందుకక్కా! నా చెయ్యి పెడితే వాళ్ళకే..."

"వాళ్ళకే ఏంది?"

"మేం మాదిగోళ్ళం గద."

జహనారాకు అర్థమైంది. హైదరాబాదు మనిషికి కాకపోతే ఎవరికవుతుంది? అరబ్బీలో ఎట్లా చెప్పాలో మాత్రం తోచలేదు. వీళ్ళది చెప్పులు కుట్టే కులం అమ్మా, వీళ్ళు తాకితే అన్నం పాడవుతుందంటారు మా దేశంలో, అని ఏదో చెప్పింది.

"చేతికి రోగమా?" అంది ముసలామె.

"కాదు."

"కడుక్కోలేదా?"

"కడుక్కుంది."

ముసలామె స్వర్ణ చెయ్యి పట్టి వెలుగులోకి తిప్పింది. అరచెయ్యి చూసింది, గోళ్ళు చూసింది. "ఈ చేత్తోనే కదా రోజూ తినిపిస్తుంది. నూరా పాడవలేదే?"

దానికి జవాబు మన దేశంలో ఎవడి దగ్గరుంది?

ఆ ఇల్లు స్వర్గమని చెప్పడం లేదు. స్వర్ణ పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలోనే ఉంది. చెట్లకు నీళ్ళు పెట్టే బంగ్లాదేశ్ మనిషి గేటు దగ్గరే తింటాడు, అతన్ని ఎవరూ లోపలికి పిలవరు. కానీ ఆ ముసలామె ఆ రోజు ఆ చెయ్యి వదల్లేదు. లోపలి గదిలోకి లాక్కెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

స్వర్ణ వేళ్ళు తాంబాళం అంచు దాకా వెళ్ళి ఆగాయి. పక్కనే ఎవరివో వేళ్ళు అన్నం పిసుకుతున్నాయి, నోట్లోకి పోయి మళ్ళీ అందులోకే వస్తున్నాయి. స్వర్ణ చెయ్యి వెనక్కి లాక్కుంది. ముసలామె నింద పూర్తిగా అబద్ధం కాదు. ఎంగిలంటే తనకూ రోతే! తనను మెట్టు మీద కూర్చోబెట్టిన రోతే తనలోనూ ఉంది. ఆ సంగతికి స్వర్ణ ఎక్కువ సిగ్గుపడింది.

నూరా వచ్చి ఒళ్ళోకెక్కి నోరు తెరిచింది. స్వర్ణ తాంబాళంలోంచి ఒక ముద్ద పిల్లకు పెట్టింది. తర్వాతి ముద్ద కళ్ళు మూసుకుని తన నోట్లో పెట్టుకుంది. ఉమ్ జాసిమ్ మాంసం తుంచి ఆమె వైపుకు తోసింది.

"ఎట్లున్నది?" అంది జహనారా.

స్వర్ణ నమిలింది. "ఉప్పు తక్కువైందక్కా."

"చూడుండ్రి దీని నఖ్రాలు! ఇంతకుముందే ఏడ్పు మొహం, ఇప్పుడు నా వంటకు వంకలు!"

ఏమంటోందని ముసలామె అడిగింది. జహనారా మూతి ముడుచుకుని చెప్పింది. ఉమ్ జాసిమ్ ఒక ముద్ద నోట్లో వేసుకుని చూసి, నిజమే, వెళ్ళి ఉప్పు పట్టుకురా అంది జహనారాతో.