నిన్న వస్తవా టీచర్

గోడ వైపు ఒకటో తరగతి, కిటికీ వైపు రెండో తరగతి. మధ్యలో ఎటూ పూర్తిగా తిరగని ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చుని భవాని కుడిచేత్తో ఒకరి పలక దిద్దుతూ, ఎడమచేత్తో ఇంకొకరి ముక్కు తుడుస్తోంది. సిద్దిపేటలోని ఈ సర్కారు బడిలో ఏళ్లుగా ఆమె పని ఇదే. ఉత్తమ ఉపాధ్యాయురాలి శాలువా ఎన్నడూ ఆమె భుజం దాకా రాలేదు. సుద్దపొడి మాత్రం రోజూ వచ్చి వాలేది.

వీధిలోవాళ్ల పిల్లలు పసుపుపచ్చ వ్యాన్లెక్కి ప్రైవేటు బళ్లకు పోయారు. మిగిలింది భీవండి నుంచి తిరిగొచ్చిన నేతకార్మికుల పిల్లలు, రైస్‌మిల్లు బీహారీల పిల్లలు. పిల్లలు తగ్గారని ఒక పోస్టు తీసేశారు. రేపటి నుంచి భవాని గజ్వేల్ అవతలి బడికి పోవాలి. ఇక్కడ ఐదు తరగతులకూ హెడ్మాస్టరు నరహరి ఒక్కడే.

ఆమె బెంగంతా మిల్లు పిల్ల గుడియా మీదే. హిందీలో నిన్నకూ రేపుకూ ఒకటే మాట, ‘కల్’. అందుకే ఆ పిల్ల ఓ రోజు “టీచర్, నిన్న ఆడుకుందమా?” అనడిగింది. తరగతంతా గొల్లున నవ్వింది. అప్పట్నుంచీ గుడియా నోరు విప్పలేదు. పోయేలోగా ఆ గొంతు ఒక్కసారి వినాలని భవాని ఆశ.

మధ్యాహ్నం వంట మల్లమ్మ గుడ్లు వడ్డిస్తోంది.

“రేపటి గుడ్డు నిన్ననే తిన్నవా, బిడ్డా?”

పిల్లలు కిసుక్కుమన్నారు. గుడియా తల పళ్లెంలోకి వంగింది.

“నువ్వేం తక్కువ మల్లక్కా,” అంది భవాని. “వీళ్లమ్మను హిందీల బకెట్ అడుగబోయి బకరా అని మేకను అడిగినవంట గద.”

“గది జెప్పకు టీచరమ్మా,” అంటూ మల్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

గుడియా కూడా నవ్వింది. ఊడిన ముందుపళ్ల సందు కనిపించి భవానికి కడుపు నిండినట్టయింది.

బడి వదిలాక ఆ పిల్ల గడప దగ్గర ఆగింది.

“టీచర్, నిన్న వస్తవా?”

ఎవరూ నవ్వలేదు. భవాని దగ్గరికి తీసుకుంది.

“నిన్న నేనొచ్చిన, బిడ్డా. రేపు సార్ వస్తడు.”

గుడియా ఓ చెయ్యి వెనక్కి, ఓ చెయ్యి ముందుకు చాపి చూసుకుంది.

“నిన్న టీచర్. రేపు... సార్.”

“కరెక్టు,” అంది భవాని. గుడియా గేటు దాకా రెండు చేతులూ ఊపుకుంటూనే నడిచింది.

తాళం వేయబోతూ నరహరి అడిగాడు. “మేడం, గీ కుర్చీ తిప్పి పెట్టాల్నా?”

“ఎటు తిప్పుతరు సార్?” అని సంచీ భుజానికెత్తుకుంది.

చీకటి గదిలో కుర్చీ అలాగే అడ్డంగా ఉంది, రెండు చేతుల మీదా సుద్ద వేలిముద్రలతో.