రెక్కలో వేరే చేతి కుట్టు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. గొంతెత్తి చెప్పే సంగతి కాదిది, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ అమ్మ పాత విమానం కొనబోయిన రోజు మాట.

పెద్దదేం కాదులే, ఇద్దరు పట్టే బుల్లి విమానం. దాని రెక్కలకు రేకు ఉండదట, గుడ్డ బిగించి కుట్టి, పైన రంగు వేస్తారట. గుడ్డను నమ్ముకుని ఆకాశంలోకి పోతారా అని నేను నోరు వెళ్లబెట్టాను. నలభై ఏళ్లు డేరాలు కుట్టిన మా అక్క, అదే మీ పెద్దమ్మమ్మ, మాత్రం గుడ్డ సంగతి తాను చూస్తానంటూ చెప్పులేసుకుని మాతో బయల్దేరింది.

మీ అమ్మ వెంటబెట్టుకొచ్చిన మెకానిక్ పొద్దున్నుంచీ షెడ్డులో ఇంజను పని పట్టాడు. ఆయిల్ ఫిల్టర్ కోసి, ఇంజను లోపల అరిగి ఇనుప రజను రాలిందేమోనని అయస్కాంతం తిప్పాడు. లేదు. మరమ్మతులన్నీ రాసిపెట్టే పుస్తకం తిరగేశాడు. రెక్కకు దెబ్బ తగిలినట్టు ఎక్కడా లేదు. మీ అమ్మ ముఖం చాటంత అయింది. విమానం అమ్ముతున్న పెద్దాయన ఇచ్చేద్దామని తాళంచెవి తీశాడు.

అక్క మాత్రం కళ్లు మూసుకుని రెక్క అడుగున అరచేత్తో తడుముతూ నడుస్తోంది. గుడ్డ కింద చేతికి తగిలే బద్దల్లో చివరి నుంచి మూడోదాని దగ్గర ఆగిపోయింది. రంగు కింద కుట్టు ముడులన్నీ కుడికి ఒరిగి ఉంటే, అక్కడ జానెడు మేర ఎడమకు ఒరిగాయంది. ఎవరో ఎడమచేతి వాళ్లు విప్పి మళ్లీ కుట్టారంది.

పెద్దాయన నవ్వాడు. "ఇది రవిక కాదమ్మా."

"రవిక చిరిగితే పరువు పోతుంది నాయనా. ఇది చిరిగితే పిల్ల పోతుంది."

ఆయన నవ్వు ఆగింది. కోసి చూడమని తనే అన్నాడు. మెకానిక్ అరచేయంత కంత కోసి లోపల టార్చి వెలిగించాడు. ఏం చెప్పను! రెక్క మొత్తం దీపం పెట్టిన డేరాలా వెలిగింది. లోపల పిట్ట ఎముకల్లాంటి సన్నటి బద్దలు, వాటన్నిటినీ మోసే చెక్క దూలం. సరిగ్గా అక్క వేలు ఆగిన చోట ఆ దూలానికి పగులు. దాని మీద జిగురు పూత.

పెద్దాయన చక్రం పక్కన చతికిలబడ్డాడు. తాను కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదట. రెండేళ్లుగా ప్రతి ఆదివారం భార్యను అందులోనే మబ్బుల దాకా తిప్పుకొచ్చాడట. కాసేపటికి లేచి, అక్క చేతిని రెండు చేతులా పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

ఏడాదికి మీ అమ్మ ఇంకోటి కొంది, అక్క దాన్ని కొస నుంచి కొస దాకా తడిమాకే. ఇప్పుడు అక్కా లేదు, ఆ చెయ్యీ లేదు. అందుకే నీకు చెబుతున్నాను. ఆ ఎడమ ముడుల్ని మరిచిపోకు తల్లీ, రేపు నీ పిల్లలకూ చెప్పు.