మైనస్ పద్దెనిమిది చెప్పిన పాపం

నేను ఒక సెన్సర్‌ని. పెసరగింజంత ఉంటాను. భీమవరం దగ్గర ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో చలి ఎంతుందో కొలవడం నా ఉద్యోగం. పుట్టగానే నాకు నేర్పినవి ఒకటి, సున్న, ఈ రెండు అంకెలే. మీకు పది ఉన్నాయి. వాటితో ఏం ఉద్ధరించారో వినండి.

ఏ కొలతనైనా ఎనిమిది అంకెల వరుసగా పంపుతాను. వరుసలో మొదటిది ఒకటైతే సున్నకు కింద అని అర్థం. గదిలో మైనస్ పద్దెనిమిది ఉంటే నేను 11101110 అనేదాన్ని. గోడ మీది పాత స్క్రీన్ బుద్ధిగా -18 అని చూపేది. మా కాపురం ఏళ్ల తరబడి గొడవ లేకుండా సాగింది.

అంతలో యజమాని ప్రసాదరాజు గారు రంగుల స్క్రీన్ మీద మనసుపడ్డారు. కొత్తగా వచ్చిన ఆ మహాతల్లికి మైనస్ అన్న మాటే తెలియదు. నా వరుసను మామూలు లెక్కగా చదివి, 238 అని ఎర్రగా వెలిగింది.

"గది తగలడిపోతంది! మిషన్లు ఆపండి, తలుపులు తీసేయండి!" అని రాజుగారు గది మధ్యలో నిలబడి, చలికి పళ్లు టకటకలాడిస్తూ అరిచారు.

రైతు దుర్గాభవాని అడ్డం పడింది. నిరుడు వైరస్ తగిలి ఆవిడ చెరువంతా పోయింది. మళ్లీ వేస్తే చేతికొచ్చిన పంటంతా ఆ గదిలోనే ఉంది.

"మంటేంటండీ? నా వేళ్లు కొంకర్లు పోతన్నాయి!"

"నీ వేళ్లకేం తెలుసమ్మా? కంప్యూటరు చెప్తంటే!"

క్షేమం కోసమని ఆవిడను బయటికి పంపేశారు. తలుపులు తెరిచేసరికి చలి తగ్గసాగింది. మైనస్ పది, మైనస్ ఆరు, మైనస్ ఒకటి అని నేను ఉన్నదున్నట్టు పంపాను. స్క్రీన్ మీద 246, 250, 255. "మంట పెరుగుతంది!" అంటూ మిగతా తలుపులూ తీశారు. గది సున్నకు చేరగానే నేను ఎనిమిది సున్నలు పంపాను. 255 కాస్తా ఒక్కసారిగా 0 అయింది. ఇక చూడండి చప్పట్లు! రాజుగారు పూతరేకులు పంచి, మళ్లీ అంటుకుంటుందేమోనని మర్నాటిదాకా తలుపులు తెరిచే ఉంచారు.

మర్నాడు భవాని పెట్టె తెరిచింది. రొయ్య మెత్తగా వేళ్ల మధ్య జారింది. గదంతా కంపు. ఆవిడ నా పక్కనే గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ ఊపిరి వేడిని కూడా కొలిచి పంపాను, ఉద్యోగం మరి. నాకు చాలా బాధేసింది. బాధను పంపే వరుస నాకెవరూ నేర్పలేదు.

విచారణలో దోషి నేనే అని తేల్చి, వెనక వరండాలోని పాత సామాన్ల డబ్బాలో పడేశారు. స్క్రీన్ మాత్రం గోడ మీదే ఉంది, ఖరీదైనది కదా.

నా చోట కొత్త సెన్సర్ పెట్టారు. గది ఇవాళే మళ్లీ సున్నకు కిందికి దిగినట్టుంది. లోపలినుంచి రాజుగారి అరుపు వినిపిస్తోంది, పళ్ల టకటకతో సహా. అడ్డం పడటానికి ఈసారి భవాని లేదు.