అత్తయ్య అడిగిన ఎరుపు

"ఎనభై తొమ్మిది," అంది అత్తయ్య ఫోన్లో. "ఇంకా పెరిగేలా ఉంది. క్యాంటీన్లోనే ఉన్నారుగా, ఇప్పుడైనా ఏదైనా తినండి."

ఆ అంకె మా బాబాయి రక్తంలోని ఆక్సిజన్‌ది. పొద్దున డెబ్బై రెండు. నేను ఆనందంలో మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తే టీ అంతా ఆయన చొక్కా మీద ఒలికింది. పెళ్లయిన కొత్త కాబట్టి నవ్వేశాడు.

మా పెళ్లిలో బాబాయి అందర్నీ కడుపుబ్బా నవ్వించాడు. అత్తయ్య ఐసీయూ డాక్టరు కదా, "పిల్లనిస్తున్నాం వదినగారూ, మీ మిషన్లకు మాత్రం తగిలించకండి" అని ఆవిడనే ఆటపట్టించాడు. నెల తిరక్కుండా న్యుమోనియా వచ్చి తనే తగులుకున్నాడు. ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి. తొడ దగ్గరి గొట్టంలోంచి రక్తం బయటికొచ్చి, మిషన్లో ఆక్సిజన్ పట్టించుకుని, మెడ దగ్గరి గొట్టంలోంచి లోపలికి పోతుంది.

ఈ పొద్దున అంకె పడిపోతుంటే పంపు వేగం పెంచారు. ఇంకా పడింది. మళ్లీ పెంచారు. మళ్లీ పడింది. టెక్నీషియన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడొచ్చిన అత్తయ్య గొట్టాల దగ్గర వంగి, అద్దం ఇవతలున్న నన్ను లోపలికి పిలిచింది.

"రెండు ఎరుపుల మధ్య తేల్చుకోలేక చీరల షాపులో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, చివరికి రెండూ కొనిపించావు కదా. చెప్పు, వీటిలో ఏది ముదురు?"

కళ్లు చికిలించి చూశాను. "రెండూ ఒకటే అత్తయ్యా."

"అదే వచ్చిన చిక్కు. బయటికొచ్చేది నల్లగా ఉండాలి. మనం బాగుచేసి పంపిన రక్తం ఒంట్లోకి పోకుండా తిరిగి మిషన్లోకే వచ్చేస్తోంది." టెక్నీషియన్ వైపు తిరిగింది. "వేగం తగ్గించు బాబూ."

"తగ్గిస్తే ఎలా మేడమ్?"

"పెంచేకొద్దీ అదే రక్తాన్ని లాగేస్తోంది. తగ్గించి చూడు. అంకె పడితే నన్ను తిట్టు."

పడలేదు. పైగా కాస్త పెరిగింది. స్కాన్లో చూస్తే గొట్టాల కొసలు రెండూ దాదాపు ఆనుకుని ఉన్నాయి. ఆవిడ తొడ గొట్టాన్ని ఒక్క పిసరు వెనక్కి లాగి కుట్టేసింది. అప్పటికి నన్ను మళ్లీ బయటికి పంపేశారు; అద్దం ఇవతల ఊపిరి బిగబట్టింది నేను. చూస్తుండగానే ఆ గొట్టం నల్లబడింది. నలుపు అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"ఆ చీరలు రెండూ ఒకటేనని నేను అప్పుడే చెప్పాను," అన్నాడు మా ఆయన, క్యాంటీన్లో నేనిదంతా చెప్తే విని, చొక్కా తుడుచుకుంటూ.

"చెప్పావులే. అవి ఒకటి కాదు."

మేం పైకి వెళ్లేసరికి అత్తయ్య చేతులు కడుక్కుంటోంది.

"రేపు పొద్దున మీ బాబాయికి మత్తు తగ్గిస్తాం," అంది. "కళ్లు తెరవగానే నా మొహం కనిపిస్తే దడుచుకుంటాడు. నువ్వు పక్కనుండాలి. ఆ ముదురు ఎరుపు చీర కట్టుకుని రా."